బండి మీద తిండి – నాడు, నేడు



ఉదయం ఆరున్నరకు మన ఆసుపత్రి గేటు బయట నిలబడితే మొదట కనిపించేది ఇడ్లీ బండి, దాని మీద లేచే ఆవిరి. రాత్రంతా వార్డులో మంచం పక్కన కూర్చున్న రోగుల తాలూకు వాళ్ళు స్టీలు గిన్నెలు, క్యారేజీలు పట్టుకుని దాని చుట్టూ మూగుతారు. నైట్ డ్యూటీ దిగిన నర్సమ్మలూ అక్కడే నిలబడతారు. మరి కాసేపటికి డాక్టరుగారు రౌండ్స్‌కు వచ్చి ప్రతి మంచం దగ్గరా చెప్పే మాట: "బయట తిండి తినకండి." ఆ డాక్టరుగారికి పదింటికి టీ వచ్చేది కూడా ఆ బండి పక్కనున్న కొట్టు నుంచే.

ఆ మధ్య టైఫాయిడ్‌తో చేరిన ఒక కుర్రవాడి తల్లి మా నర్సమ్మను అడిగింది: "బయట తినొద్దంటున్నారు, బాగానే ఉందమ్మగారూ. మేము మొదటి బస్సుకు ఊరి నుంచి వచ్చాం. పొయ్యి చంకన పెట్టుకుని రాలేదు గదా! పిల్లోడికి తగ్గేదాకా నేను ఏం తిని ఉండాలి?" నర్సమ్మకు జవాబు తోచలేదు. మాకూ తోచలేదు.

యాయీరు కుమార్తెను బ్రతికించిన తరువాత మన ప్రభువు ఆ ఇంటివారికి చెప్పిన సంగతి, ఆ చిన్నదానికి తినడానికి ఏమైనా పెట్టమని. మార్కు సువార్త 5వ అధ్యాయంలో ఇది చదువుతాము గాని పెద్దగా పట్టించుకోము. తినవద్దని చెప్పడం వైద్యంలో సగమే. ఏమి తినాలో, దాన్ని ఎలా ఎంచుకోవాలో చెప్పడం మిగతా సగం. ఆ తల్లికి ఇవ్వలేకపోయిన జవాబును ఈ నెల ఆరోగ్య పాఠంగా మీ ముందు ఉంచుతున్నాము.

గంప మీద వచ్చిన రోజులు

పెద్దవాళ్ళను అడగండి, చెబుతారు. మన పొన్నూరు చుట్టుపక్కల తోపుడు బండ్లు ఇన్ని లేని కాలంలో తిండి అమ్మకం తల మీద తిరిగేది. తెల్లవారేసరికి గంపలో తడిగుడ్డ కప్పిన ఇడ్లీలు, చిన్న గిన్నెలో పచ్చడి పెట్టుకుని ఒక ముసలమ్మ వీధిలోకి వచ్చేది. మనది కృష్ణా పశ్చిమ డెల్టా. వరి కోశాక అదే మాగాణిలో మినుము పండుతుంది. అందుకే ఇడ్లీ గాని, గారె గాని, మినపసున్ని గాని మన వాళ్ళకు ఎక్కడినుంచో వచ్చిన తిండి కాదు, చేలోంచి వచ్చిన తిండి.

కాలాన్ని బట్టి గంపలో సరుకు మారేది. చలికాలంలో తేగలు, ఆ తరువాత ఉడకబెట్టిన చిలకడదుంపలు, ఎండలు ముదిరితే తాటిముంజలు, మజ్జిగ. నిడుబ్రోలు స్టేషనులో పాసింజరు ఆగితే వేరుశనగకాయలు, బఠాణీలు. తెనాలి జంక్షను దాకా వెళ్ళినవాళ్ళు బోసు రోడ్డులో బెల్లం జిలేబీ కొనుక్కోకుండా తిరిగి వచ్చేవారు కాదు. ఇప్పటికీ రారు.

డబ్బు చేతిలో ఆడని ఇళ్ళు ఎక్కువ గనుక కోతల రోజుల్లో బేరం వడ్లతోనే జరిగేది. కూలి తల్లుల వెంట చేలోకి వెళ్ళిన పిల్లలు పరిగె ఏరుకుని, దోసెడు గింజలు ఇచ్చి బఠాణీలో, పుల్ల ఐసో కొనుక్కునేవారు. రూతు గ్రంథంలో పరిగె ఏరుకోవడం గురించి సండే స్కూల్లో చెప్పినప్పుడు మన డెల్టా పిల్లలకు వేరే వివరణ అవసరం లేకపోయింది.

ఆ తిండి మంచిదేనా? చాలావరకు మంచిదే, దానికి కారణాలున్నాయి. "ఆ కాలంలో అన్నీ మంచివే" అనే మాట మాత్రం కారణం కాదు. ఇడ్లీ నీటి ఆవిరిలో ఉడుకుతుంది, ఆ వేడికి మామూలు రోగక్రిములు బ్రతకవు. తేగ కుండలో ఉడికి, తొక్కతోనే చేతికి వస్తుంది. ముంజను మన ఎదుటే కాయ చెక్కి తీస్తారు. వేయించిన గింజలో తడి ఉండదు, తడి లేనిచోట క్రిమి పెరగదు. అల్లం పచ్చడిలో చింతపండు పులుపు, బెల్లం, ఉప్పు ఉన్నాయి, వాటి మధ్య క్రిమికి చోటు తక్కువ. మజ్జిగలోనూ పులుపే కాపలా. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఆ ముసలమ్మకు ఫ్రిజ్ లేదు. తొమ్మిదింటికల్లా గంప ఖాళీ కావాలి. మిగిలితే ఇంట్లో పిల్లలు తినేవారు. నిన్నటి సరుకు ఇవాళ అమ్మే వీలు ఆమెకు లేదు.

అయితే నీళ్ళ సంగతి అలా లేదు. ఊరి చెరువులోకి కాలువ నీళ్ళు వదిలి నింపుకునేవారు. వేసవిలో కాలువ కట్టేస్తే ఆ చెరువే దిక్కు. మనుషులు తాగేదీ, గొడ్లు దిగేదీ, కొన్ని ఊళ్ళలో గుడ్డలు ఉతికేదీ అక్కడే. సోడాకాయలోకి, మజ్జిగలోకి, పచ్చడిలోకి వెళ్ళే నీరు అదే. టీ కొట్టులో గ్లాసులన్నీ ఒకే బక్కెట్లో ముంచి తీసేవారు. కలరా వస్తే ఒక వీధిలో మొదలై పేటంతా చుట్టేది. తిరునాళ్ళకు వెళ్ళేవారికి కలరా సూదులు వేసిన సంగతి అరవై డెబ్బై ఏళ్ళు దాటినవారికి గుర్తుండే ఉంటుంది. డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచిన నాటికి విరేచనాలతో ఎండిపోయిన మనిషిని నిలబెట్టే మార్గాలు వైద్యుల చేతిలో చాలా తక్కువ. ఉప్పు, చక్కెర కలిపిన నీటిని నోటి ద్వారా ఇచ్చి ఎంతమందిని కాపాడవచ్చో లోకానికి గట్టిగా తెలిసింది 1971లో. బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బనగాఁవ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్, సెలైన్ సీసాలు చాలక, డ్రమ్ముల్లో ఆ నీరు కలిపి తాగించారు. ఆయన 2022లో కన్నుమూశారు.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆనాటి టీ కొట్లలో అందరికీ ఒకే గ్లాసు కాదు. మన సంఘాలలోని ఎన్నో కుటుంబాల పెద్దలకు వేరే గ్లాసు, చూరులో పెట్టిన గ్లాసు, తాగి తామే కడిగి పెట్టవలసిన గ్లాసు. అంటరానితనాన్ని రాజ్యాంగం 1950లోనే రద్దు చేసినా ఆ గ్లాసులు చాలా ఊళ్ళలో చాలా ఏళ్ళు నిలిచాయి. అందుచేత "ఆ రోజులే వేరు" అని ఎవరైనా నిట్టూరిస్తే, ఎవరికి వేరు అని మేము అడుగుతాము. ఇవాళ బండి దగ్గర కూలీ, గుమస్తా, పంతులుగారు ఒకే బల్ల మీద ప్లేట్లు పెట్టుకుని తింటున్నారు. తోపుడు బండి మన సమాజానికి చేసిన ఈ మేలును ఆరోగ్య పాఠంలో కూడా లెక్క వేయాలి.

బండి వచ్చాక

రుబ్బురోలు పోయి గ్రైండరు వచ్చింది. ఊకపొయ్యి, రంపపు పొట్టు పొయ్యి పోయి గ్యాసు సిలిండరు వచ్చింది. ఆడవాళ్ళు ఉద్యోగాలకు, పనులకు పొద్దున్నే బయలుదేరవలసి రావడంతో ఇంటి టిఫిను బండి దగ్గరికి మారింది. సాయంత్రం ఐలాండ్ సెంటరు నుంచి జీబీసీ రోడ్డు వెంట నడిస్తే బజ్జీలు, పునుగులు ఇంకా ఉన్నాయి, వాటి పక్కన నూడుల్స్, ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా, చికెన్ పకోడీ, పానీపూరీ, కొత్తగా షవర్మా. బాపట్ల వెళ్ళి ఆదివారం సాయంత్రం సూర్యలంక ఒడ్డున నిలబడితే ఇవన్నీ ఇసుకలోనే దొరుకుతాయి.

కలరా భయం చాలా తగ్గింది గాని పూర్తిగా పోలేదు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో మంచినీటి గొట్టాలలో మురుగు కలిసి అతిసారం ప్రబలినప్పుడు పలువురు ప్రాణాలు కోల్పోయారు. అది బండి తిండి వలన వచ్చింది కాదు, ఇంటి కుళాయి వలన వచ్చింది. జబ్బు చేస్తే "నిన్న బయట ఏం తిన్నావు?" అని అడగడం మనకు అలవాటు. "ఏ నీళ్ళు తాగావు?" అని అడగడం కూడా అలవాటు కావాలి.

2022 వానాకాలంలో తెలంగాణ ప్రజారోగ్య శాఖ అధికారి ఒకరు టైఫాయిడ్‌కు పానీపూరీ జబ్బు అని పేరు పెట్టారు. పేరు నిలిచిపోయింది, ఎందరో చిన్న వ్యాపారులు బాధపడ్డారు. పూరీ సలసల కాగే నూనెలో వేగింది, దాని తప్పు ఏమీ లేదు. తప్పు ఉంటే ఆ పుల్లనీళ్ళలో ఉంది, వాటిలో మాటిమాటికి మునిగే చేతిలో ఉంది.

చెయ్యి విషయం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే టైఫాయిడ్ మనిషి నుంచి మనిషికే వస్తుంది. గొడ్డు నుంచి, కోడి నుంచి రాదు. జబ్బు మనిషి మలంలోని క్రిమి నీటి ద్వారానో, కడగని చేతి ద్వారానో మరొకరి నోటికి చేరాలి. జ్వరం తగ్గి పనిలోకి వెళ్ళిన కొందరిలో ఈ క్రిమి పిత్తాశయంలో ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది. వారికి ఏ బాధా ఉండదు. న్యూయార్కులో మేరీ మల్లన్ అనే వంటామె కథ వైద్య విద్యార్థులందరూ చదువుతారు. ఆమె వండిన ఇళ్ళలోవారికి వరుసగా టైఫాయిడ్ వచ్చింది, ఆమె మాత్రం గుండ్రాయిలా ఉంది. 1907లో ఆమెను పట్టుకుని వేరుగా ఉంచారు. 1910లో, ఇక వంట చేయనని మాట తీసుకుని వదిలారు. బట్టలు ఉతికే పనికి వంట పనికి వచ్చినంత జీతం రాదు. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రి వంటగదిలో మళ్ళీ దొరికింది. 1938లో చనిపోయేవరకు ఆమెను ఒంటరిగానే ఉంచేశారు. ఈ కథలో మేరీని దుర్మార్గురాలిగా చూపించడం రివాజు. మాకు అలా అనిపించదు. వంట తప్ప మరో బ్రతుకుతెరువు ఎవరూ చూపించని మనిషికి వంట చేయవద్దని మాత్రం చెప్పారు. సబ్బుతో చేతులు ఎప్పుడు, ఎందుకు కడుక్కోవాలో ఆమె నమ్మేలా ఎవరైనా చెప్పి ఉంటే కథ వేరుగా ఉండేదేమో.

ఇప్పుడు బండ్ల దగ్గర కొందరు ప్లాస్టిక్ గ్లౌజులు వేసుకుంటున్నారు. చూడడానికి బాగుంటుంది. అదే గ్లౌజుతో డబ్బు తీసుకుని, ముక్కు తుడుచుకుని, మళ్ళీ ఉల్లిపాయ ముక్కలు చల్లితే గ్లౌజు ఉన్నా లేనట్టే. ఆ మాటకొస్తే ఫోనుతో స్కాన్ చేసి డబ్బు కట్టే పద్ధతి వచ్చాక చేతికి నోట్ల మురికి అంటడం తగ్గింది. బ్యాంకులవాళ్ళు ఆరోగ్యం కోసం తెచ్చింది కాదు గాని, మేలే జరిగింది.

పాత ముసలమ్మకు లేనిదీ, ఇప్పటి బండికి ఉన్నదీ మరొకటి నిలవ సరుకు. ఫ్రైడ్ రైస్ బండిని తీసుకోండి. మధ్యాహ్నమే అన్నం వండి పెద్ద బేసినులో ఆరబోస్తారు. రాత్రి పదింటిదాకా అందులోంచే తీసి వేయిస్తారు. బియ్యంలో సహజంగానే ఉండే బాసిల్లస్ సెరియస్ అనే క్రిమి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం తయారు చేస్తాయి. ఆ విషాన్ని మూకుడు మంట కూడా పాడుచేయలేదు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి. "ఎదురుగా పొగలు కక్కేలా వేయించి ఇచ్చాడండీ, ఎలా వచ్చింది?" అని రోగులు ఆశ్చర్యపోయేది ఇందుకే. వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి మామూలు వేడిలో వదలకూడదనే నియమం ఇంటికీ వర్తిస్తుంది. మరి మన చద్దన్నం మాటేమిటని మీరు అడుగుతారు. మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నానికి పులుపు కాపలా ఉంది. ఎండుగా బేసినులో పోసిన అన్నానికి లేదు.

ఇడ్లీ బండి దగ్గర కూడా అనుమానించవలసినది ఇడ్లీని కాదు, చట్నీని. ఉడకని కొబ్బరి, వేయించిన శనగపప్పు, పచ్చి నీళ్ళు కలిపి తెల్లవారుజామున రుబ్బి, ఎండ ఎక్కేదాకా బకెట్లో ఉంచి, గరిటె పలుచనైతే మరో చెంబు నీళ్ళు పోస్తారు. ఎనిమిది లోపు తిన్నవారికీ పదకొండింటికి తిన్నవారికీ ఒకే చట్నీ కాదది. ఆలస్యమైన రోజున కారప్పొడి అడిగి వేయించుకోండి.

కోడిగుడ్డు పచ్చిసొనతో చేసే మయొనైజ్ సంగతి ఇంకా కఠినం. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒక మహిళ మరణించి, ఎందరో ఆసుపత్రి పాలైన తరువాత తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ఎండాకాలంలో మన ఊరి వేడికి తెల్లటి ఆ సాసు సీసా బండి మీద నిలబడి ఉంటే దూరంగా ఉండడమే మంచిది. పిల్లలకు అసలు వద్దు.

ఐసు గురించి తీరప్రాంతంవారికి ఎక్కువ చెప్పనక్కరలేదు. నిజాంపట్నం హార్బరులో చేపలకు వేసే దిమ్మ ఐసు తాగే నీటితో చేయాలని లేదు. అటువంటి ఐసే చెరుకు రసంలో పడితే రసం గ్లాసులో చెరువు నీళ్ళు తాగినట్టే. తినడానికి కాని ఐసుకు నీలిరంగు కలపాలని ఆహార భద్రతా సంస్థ 2018లో ఆదేశించింది. తెల్లగా ఉన్నంత మాత్రాన మంచిదని నమ్మవద్దు. ఐసు లేకుండా అడిగితే బండివాళ్ళు కాదనరు.

రంగుల విషయం, నూనె విషయం త్వరగా చెప్పి ముగిస్తాము. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించింది. ఎర్రగా మెరిసేదల్లా కారం కాదు. మాటిమాటికి కాచిన నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కట్టి, వేయగానే పొగ వస్తుంది, ఘాటుగా కళ్ళు మండుతాయి. వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకు బజ్జీ మానుకోండి. అచ్చు కాగితంలో బజ్జీ చుట్టి నూనె పిండుకోవడం మనందరికీ అలవాటే. సిరాలోని రసాయనాలు ఆ నూనెలో కరుగుతాయి గనుక 2016లోనే వద్దని హెచ్చరిక వచ్చింది. సెగలు కక్కే సాంబారు పలుచటి ప్లాస్టిక్ కవరులో కట్టించుకోవడం కూడా అంతే. ఒక స్టీలు గిన్నె చేతిసంచిలో వేసుకుని వెళితే ఈ రెండు సమస్యలూ పోతాయి. మన అమ్మమ్మలు అదే చేశారు.

ఇవన్నీ అప్పటికప్పుడు తెలిసే జబ్బులు. మరో రకం నెమ్మదిగా వస్తుంది. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉందని తేల్చింది. గంపలో తేగ, వేరుశనగ, ముంజ ఉన్న స్థానంలోకి మైదా, నూనె, ఉప్పు, చక్కెర వచ్చాయి. వారానికి ఒక సాయంత్రం పునుగులు తింటే ఏమీ కాదు. రోజూ సాయంత్రం అదే పలహారమైతే బి.పి. బిళ్ళ ఎంత వేసుకున్నా ఫలితం తక్కువ. ఉడకబెట్టిన వేరుశనగ, కాల్చిన మొక్కజొన్న, జామకాయ అమ్మే బండ్లు కూడా ఉన్నాయి. మనం కొనకపోతే అవి వీధిలోంచి వెళ్ళిపోతాయి.

ఆ తల్లికి మా జవాబు

కళ్ళ ముందు వేడిగా దిగినది తినండి. తొక్కతో వచ్చే అరటిపండు, కమలా మీరే ఒలుచుకుని తినండి. ముందే కోసి ఈగల మధ్య పెట్టిన పుచ్చకాయ ముక్క వద్దు. నీళ్ళు మీ సీసాలోవే తాగండి. బండి మీది ఇరవై లీటర్ల టిన్ను చూసి శుద్ధజలం అని ధీమా పడవద్దు. ఆ టిన్నుకు కుళాయి ఉందా, లేక మూత తీసి చెంబు ముంచుతున్నారా చూడండి. శుద్ధి చేసిన నీరు కూడా ఒక్కసారి చెయ్యి మునిగితే మామూలు నీరే. బేరం బాగా జరిగే బండిని ఎంచుకోండి, అక్కడ సరుకు నిలవ ఉండదు. ప్లేట్లు కడిగే బకెట్టు వైపు ఒకసారి చూడండి. అందులో నీళ్ళు పప్పుచారులా ఉంటే మీ గిన్నెలో పెట్టించుకోండి. తినే ముందు మీ చేతులు కడుక్కోండి. బండివాడి చేతుల గురించి ఇంత రాశాము గాని, చాలాసార్లు జబ్బు తెచ్చేది తినేవాడి చెయ్యే.

ఇంత జాగ్రత్తపడినా విరేచనాలు పట్టుకోవచ్చు. అప్పుడు మొదటి పని ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు లీటరు మంచినీటిలో కలిపి కొంచెం కొంచెంగా తాగించడం. ప్యాకెట్టు దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. పసిపిల్లలకు తల్లిపాలు ఆపకూడదు. అన్నం మాన్పించకూడదు, లంఖణం ఇక్కడ పనికిరాదు. పిల్లలకు జింకు బిళ్ళలు కూడా ఇవ్వాలి, మోతాదు వయసును బట్టి డాక్టరుగారు చెబుతారు. కళ్ళు లోతుకుపోయినా, మూత్రం ఆగిపోయినా, విరేచనంలో రక్తం పడినా, తాగినదల్లా వాంతి అవుతున్నా, జ్వరం మూడు రోజులు దాటినా ఇంట్లో ఉంచవద్దు. గర్భిణీ స్త్రీకి కళ్ళు పచ్చబడితే ఆ రోజే తీసుకురండి. నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఇ అనే కామెర్లు చివరి నెలలలో తల్లి ప్రాణానికే ముప్పు తెస్తాయి. పసరు మందు కోసం తిరిగి పోగొట్టుకున్న రెండు మూడు రోజులు తిరిగి రావు.

టైఫాయిడ్‌కు మంచి టీకా ఉంది. ఆరు నెలలు నిండిన పిల్లలకు కూడా పనిచేసే టీకాను మన హైదరాబాదులోనే తయారు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దానికి ఆమోదం తెలిపింది. వంట పనిలో, అమ్మకంలో ఉన్న కుటుంబాలవారు దీని గురించి డాక్టరుగారిని అడగండి.

బండి వెనుక నిలబడిన మనిషి

కొనుక్కునేవారి ఆరోగ్యం గురించి ఇంతసేపు మాట్లాడాము. అమ్మేవారు కూడా మా రోగులే. మూడింటికి లేచి, ఆరు గంటలు నిలబడి చేసే పని ఇది. కాళ్ళలో నరాలు ఉబ్బుతాయి, ముంజేతుల మీద కాలిన మచ్చలు మానకముందే కొత్తవి పడతాయి. బండి పెట్టిన ఆడవాళ్ళకు మూత్రంలో మంట తరచు వస్తుంది. కారణం అడిగితే నసుగుతూ చెబుతారు: దగ్గరలో మరుగుదొడ్డి లేదు, అందుకని పొద్దుటి నుంచి నీళ్ళే తాగరు. పొయ్యి ముందు చెమట కారుతూ నీళ్ళు తాగకపోతే కిడ్నీలో రాళ్ళు కూడా వస్తాయి. మందు రాసి ఇవ్వడం మాకు తెలుసు. మరుగుదొడ్డి రాసి ఇవ్వడానికి చీటీలో చోటు లేదు.

గేటు ఎదుట ఇడ్లీ బండి ఆమెను మేము అడిగాము, "జ్వరం వచ్చినప్పుడు బండి ఆపుతావా అమ్మా?" అని. "ఆపితే ఆ రోజు ఫైనాన్స్ ఎవరు కడతారండీ?" అంది. రోజువారీ వసూలు అప్పు అది. పొద్దున సరుకుకు తీసుకుని సాయంత్రానికి వడ్డీతో కట్టేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇలాంటి బండ్లన్నీ ఒక్క రోజులో ఆగిపోయాయి, అప్పు మాత్రం ఆగలేదు. ఆ ఏడాది జూన్‌లో కేంద్రం స్వనిధి పథకం పెట్టి వీధి వ్యాపారులకు పూచీ లేకుండా మొదట 10,000 రూపాయల బ్యాంకు రుణం ఇవ్వడం మొదలుపెట్టింది. సకాలంలో కట్టినవారికి తరువాతి విడత పెరుగుతుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఒకటి ఉందని కూడా చాలామందికి తెలియదు. దాని ప్రకారం మునిసిపాలిటీ వ్యాపారుల లెక్క తీసి ధ్రువపత్రం ఇవ్వాలి, పట్టణ కమిటీలో వారికి కనీసం 40 శాతం చోటు ఉండాలి, 30 రోజుల నోటీసు ఇవ్వకుండా బండి తీయించకూడదు. ఆహార భద్రత చట్టం ప్రకారం బండివారు కూడా పేరు నమోదు చేసుకోవాలి. సంఘంలో చదువుకున్న యువకులు ఒక ఆదివారం ఆరాధన తరువాత కూర్చుని ఈ కాగితాలు నింపి పెడితే ఎన్నో కుటుంబాలకు మేలు.

అడగగా అడగగా ఆమె మరో మాట చెప్పింది. నీళ్ళు రెండు వీధుల అవతల నుంచి బిందెలతో తెచ్చుకుంటుందట. అందుకే ప్లేట్లు కడిగే బకెట్టు మార్చదు. చేతులు మాటిమాటికి కడుక్కోదు. శుభ్రత తెలియక కాదు, మోయలేక.

గత నెల నుంచి మన ప్రహరీ గోడకు బయటివైపున ఒక కుళాయి పెట్టించాము. ఆసుపత్రి ట్యాంకులోని క్లోరిన్ కలిపిన నీళ్ళే అందులో వస్తాయి. బండివాళ్ళు పట్టుకోవచ్చు, రోగుల తాలూకు వాళ్ళు చేతులు కడుక్కోవచ్చు. కుళాయి పక్కన వలసంచిలో సబ్బు కట్టాము. ఆ సబ్బు నిలవడం లేదు. వారానికి రెండు, ఒక్కోసారి మూడు పోతున్నాయి. సగం అరుగుతోంది, సగం ఎవరో ఇంటికి తీసుకువెళుతున్నారు. స్టోరు కీపరుగారు లెక్క అడిగితే, ఇంట్లోనైనా చేతులే కదా కడుక్కుంటారు అని చెప్పి కొత్తది తెచ్చి కడుతున్నాము.